బొబ్బిలి వీణ – తంజావూరు వీణ: ఒక విమర్శనము

తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పండుగనాడు గాని పెండ్లినాడు గాని సంగీతప్రసక్తి వచ్చినప్పుడు ఒక మాట తప్పక వినబడుచుండును: ‘తంజావూరు వీణ వారిది, బొబ్బిలి వీణ మనది.’ ఈ మాట అభిమానమునుండి పుట్టినది. అభిమానము దోషము కాదు. ఇతర భాషల నడుమ బ్రతుకువారికి తమదని చెప్పుకొనదగిన వస్తువొకటి కావలసియే యుండును. అయితే పరీక్షకు నిలిచిన అభిమానమునకే గౌరవము. ఈ మాటలో నిజమెంత, వినికిడి యెంత, రెండు వీణలకు గల భేదము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును, ఆ భేదమును తెలిసికొనుటవలన మన పిల్లలకు కలుగు ప్రయోజనమేమి అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ధర్మపురి వాసులకు ఇది దూరపు విషయము కాదు. పూర్వము తగడూరను పేరుతో ప్రసిద్ధమైన ఈ సీమ 1965 అక్టోబరు 2 వరకు సేలం జిల్లాలో భాగముగా నుండి, ఆ దినమున వేరు జిల్లా అయినది. 2004లో కృష్ణగిరి దీనినుండి విడివడినది. తమిళము, తెలుగు, కన్నడము మూడును ఒకే సంతలో వినబడు నేల ఇది. మన జిల్లాలో హొగెనకల్ వద్ద దుముకు కావేరియే దిగువకు పోయి తంజావూరు పొలములను తడుపుచున్నది. బొబ్బిలియో, ఆంధ్రప్రదేశమునకు ఈశాన్యమున, విజయనగరం జిల్లాలో నున్నది. నీటిదారి ఒక వీణవైపునకు, ఇంటిభాష మరియొక వీణవైపునకు మనలను లాగుచున్నవి. కనుక రెండింటిని పక్షపాతము లేక చూచుటకు మనకంటె తగినవారు అరుదు.

మొదట రెండింటికిని సామాన్యమైన లక్షణములను చెప్పుకొందము. బొబ్బిలిదైనను తంజావూరుదైనను వీణ పనసకొయ్యతోనే చేయబడును. కుడివైపున గుండ్రని కుండ, నడుమ బోలుగా తొలిచిన దండి, ఎడమకొనను చెక్కిన ముఖము, దండి క్రింద ఆనికగా బుర్ర అను నాలుగును ముఖ్యాంగములు. దండిమీద రెండు వరుసల మైనపు గట్లు, వాటిపై అమర్చిన 24 లోహపు మెట్లు ఉండును. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు అవి సరిపోవును. తంత్రులు ఏడు. సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అను నాలుగు వాయించుటకు, ప్రక్కనున్న మూడు తాళమునకు. తంత్రులను మోయు కొయ్యవంతెనను మనము గుర్రమందుము, తమిళులు కుదిరై యందురు. రెండు భాషలవారును ఒకే జంతువుతో పోల్చిరన్నచో, పనివారు ఒకరి మాట ఒకరు విని యుందురని ఊహింపవచ్చును.

పనసనే ఎందుకు కోరుదురు? అది గట్టిదయ్యు బరువు తక్కువ, బాగుగా ఆరినపిమ్మట వంకర పోదు, చెదపురుగు దానిని సులభముగా తినజాలదు. అన్నింటికంటె ముఖ్యముగా, పలుచగా తొలిచినప్పుడు నాదమును మ్రింగివేయక తిరిగి ఇచ్చును. తంజావూరు పనివారు కడలూరు జిల్లాలోని పన్రుటి ప్రాంతపు పనసను మెచ్చుకొందురు. పన్రుటి పనసపండునకు ఎట్టి పేరో దాని మ్రానుకును అట్టి పేరే. బొబ్బిలివారు తమ సీమలో దొరకు పనసను వాడుదురు. ఎక్కడిదైనను కొయ్య పండవలెను, ఆరవలెను. తొందరపడి పచ్చికొయ్యతో చేసిన వీణ ఏ ఊరిదైనను కొంతకాలమునకు బీటలు వారును.

ఇక భేదములు. లోకములో వ్యాపించిన మాట ఏమనగా, బొబ్బిలి వీణ ఒకే మ్రానును తొలిచి చేసిన ఏకాండి, తంజావూరు వీణ మూడు ముక్కలను అతికి చేసినది అని. ఇందులో మొదటి సగము నిజము. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి గ్రామములో సర్వసిద్ధి అను ఇంటిపేరు గల కుటుంబములవారు తరతరములుగా ఈ పని చేయుచున్నారు. కుండ, దండి, ముఖము అన్నియు ఒక్క దుంగలోనుండి తీయుట వారి పనికి పేరు తెచ్చిన విశేషము. రెండవ సగము మాత్రము సరికాదు. తంజావూరులో అతుకువీణలతోపాటు ఒకే కొయ్యతో చేసిన వీణలును చేయుదురు. వాటికి అక్కడ వెల ఎక్కువ, మర్యాదయు ఎక్కువ. కనుక ఏకాండి బొబ్బిలి సొత్తు, అతుకు తంజావూరు సొత్తు అని ఊరి పేరుతో గీత గీయుట పొరపాటు. ఏకాండి బొబ్బిలిలో నియమము, తంజావూరులో ఉత్తమశ్రేణి. ఇంతే చెప్పదగినది.

ఇంకొక సూక్ష్మమును గమనింపవలెను. ఏకాండి అన్నంతమాత్రమున వీణలో ఒక్క అతుకును లేదని కాదు. కుండలోపల తొలిచినపిమ్మట పైని కప్పు పలక వేరుగా చేసి అంటింపవలసినదే. గుర్రము నిలుచునది ఆ పలకమీదనే. తంత్రి కంపము మొదట గుర్రమునకు, పిదప పలకకు, పలకనుండి కుండలోని గాలికి పోవును. కాబట్టి వీణ నాదమును నిర్ణయించు ముఖ్యస్థానమున ఏకాండికిని అతుకువీణకును భేదము లేదు. పలక మందము, కుండ గోడ మందము, గుర్రముపై పరచిన లోహపురేకు యొక్క నునుపు, తంత్రుల బిగువు, మెట్ల సమత అను ఇవియే చెవికి తెలియు గుణములు. వీటిని సాధించునది పనివాని చేయి. దుంగ ఒకటా మూడా అనునది దాని తరువాతి మాట.

అయితే ఏకాండివలన లాభము లేదా? కలదు. కుండ దండితో కలియుచోట అతుకు లేకపోవుటచే ఆ సంధి వదులగునను భయముండదు. కంపము కుండనుండి దండికి ఆటంకము లేక పోవునని వైణికులు చెప్పుదురు. ఎడమచేతి క్రింద దండి పలుకుచున్నట్లు తోచుట వాయించువానికి ఒక సుఖము. అనుభవించినవారు దానిని మాటలతో కొట్టివేయరు. నష్టములును కలవు. పెద్ద మ్రాను కావలెను. ఆ మ్రానులో అధికభాగము పొట్టుగా పోవును. ఒక్కచోట బీట వారినను మొత్తము వీణకు ముప్పు. అతుకువీణలోనో, చిన్న మ్రానులతో పని జరుగును, చెడిన భాగమును మార్చవచ్చును, వెలయు సామాన్య గృహస్థునకు అందుబాటులో నుండును. పెద్ద పనసమ్రానులు దొరకుట కష్టమగుచున్న ఈ దినములలో అతుకును తక్కువగా చూచుట న్యాయము కాదు. మంచి అతుకు పనివాని తెలివికి గుర్తు, చెడ్డ అతుకు అతని తొందరకు గుర్తు.

అలంకారమును గూర్చి కొంత కఠినముగా చెప్పక తప్పదు. తంజావూరు వీణకు యాళి ముఖము, కుండచుట్టును అంచులును పూవులును ప్రసిద్ధము. పూర్వము వీటిని దంతముతోను జింకకొమ్ముతోను పొదిగెడివారు. దంతపు వ్యాపారము నిషిద్ధమైనది, అది మంచిదే. ఇప్పుడు ఆ స్థానమున ప్లాస్టిక్ వచ్చినది. ప్లాస్టిక్ దోషము కాదు కాని దానితో వచ్చిన రంగుల మెరుపు దోషమే. కొయ్య సహజవర్ణము కాలక్రమమున పసుపునుండి తేనెరంగునకు ముదురుట పనసకు ప్రకృతి ఇచ్చిన అలంకారము. దానిపై మెరుగునూనె దట్టముగా పూసి, మెరిసెడి పూవులు అతికించినచో, వీణ పెండ్లిపందిరిలోని వస్తువగును గాని వైణికుని ఒడిలోని వస్తువు కాదు. బొబ్బిలి పనిలో చెక్కడమునకే ప్రాధాన్యము. ఆ నిరాడంబరత మాకు ఎక్కువ నచ్చినది.

బొబ్బిలికిని ఒక ప్రమాదము కలదు. అది అలంకారమువలన కాదు, గౌరవమువలన కలిగినది. సభలలో అతిథులకు సమర్పించు చిన్న బొమ్మవీణలు బొబ్బిలి పేరును దేశదేశములకు మోసినవి. జ్ఞాపికలుగా వాటికి గిరాకి ఎక్కువ, పనివారికి వాటివలన కూడు దొరకుచున్నది. దానిని తప్పుపట్టు అధికారము మనకు లేదు. కాని పలుకని వీణను పదిమంది కొని, పలుకు వీణను ఒక్కరు కొనినచో, కుండ గోడను వ్రేలితో తట్టి నాదము తెలిసికొను విద్య ఏమగును? మెట్లు లేని వీణకు శ్రుతి ఎందుకు? రెండు ఊళ్ళ వీణలును భౌగోళిక గుర్తింపు పొందినవి, సంతోషమే. ఆ గుర్తింపు నకిలీనుండి పేరును కాపాడును. విద్యను కాపాడవలసినది వాయించువారే. బొబ్బిలి అనగానే మన పిల్లలకు 1757 నాటి యుద్ధము, తాండ్ర పాపారాయుడు, 1964లో వచ్చిన చలనచిత్రము జ్ఞప్తికి వచ్చును. తరువాత అద్దపుబీరువాలోని బొమ్మవీణ జ్ఞప్తికి వచ్చును. బొబ్బిలి వీణ విన్న జ్ఞాపకము మాత్రము ఎందరికుండును?

ఒకే పరికరము రెండు దేశములలో రెండు రూపులు దాల్చుట వీణకు మాత్రమే చెల్లినది కాదు. ఇందులోని సూత్రమును స్పష్టపరచుటకు క్రీడాలోకమునుండి ఒక దృష్టాంతమును చూపుదుము. మన క్రికెట్ ఆటలో బంతిని పట్టువారిలో వికెట్ కీపరుకు తప్ప తక్కినవారికి చేతితొడుగు లేదు. అమెరికావారి బేస్‌బాల్ ఆటలో బంతిని పట్టు ప్రతివాడును ఒక చేతికి తోలుతొడుగు ధరించును. మొదట అది చేతికి దెబ్బ తగులకుండ కాపాడు మెత్త మాత్రమే. 1920 ప్రాంతమున బిల్ డోక్ అను ఆటగాని సూచనపై రాలింగ్స్ సంస్థవారు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తోలుపట్టెల వలను అల్లిరి. అప్పటినుండి తొడుగు బంతికి ఒక గూడైనది. అమెరికాలో అది క్రమముగా పెద్దదై, లోతైనదై, ఒంటిచేతితో బంతిని అందుకొనుటకు అనువైనది.

ఆ ఆటను 1872లో టోక్యోలో ఉపాధ్యాయుడుగా నున్న హొరేస్ విల్సన్ అను అమెరికావాడు జపానువారికి నేర్పెను. జపానువారు దానిని తమదిగా చేసికొనిరి. 1906లో ఒసాకాలో స్థాపితమైన మిజునో సంస్థ తరువాతి కాలమున తొడుగులు చేయుటలో పేరుగాంచినది. అక్కడి శిక్షణలో రెండు చేతులతో పట్టుట, పట్టిన బంతిని క్షణములో తీసి విసరుట ముఖ్యము. అందుచే అక్కడి తొడుగు, ముఖ్యముగా దగ్గర నిలుచు ఆటగానిది, సామాన్యముగా చిన్నది, లోతు తక్కువది, తోలు మెత్తనిది. బంతి గూటిలో చిక్కుకొనరాదు, చేతికి వెంటనే దొరకవలెను. తొడుగు రూపమును నిర్ణయించినది జపాను నేల కాదు, జపాను ఆటగాని అలవాటు. 2001లో అమెరికాకు పోయి ఆడిన ఇచిరో సుజుకి జపానులో చేసిన తొడుగునే ధరించి ఆడెను. అతడు అమెరికా ఆట ఆడలేదని ఎవరైన అందురా? పరికరము చేతి అలవాటును అనుసరించి మారును. ఆట మాత్రము దానిని ప్రేమించి అభ్యసించిన వారందరిది.

ఈ సూత్రమునే వీణకు అన్వయింపుడు. కొయ్యను విడిచి చేతిని చూడవలెను. తంజావూరు సంప్రదాయమున గాత్రమును అనుసరించుట ప్రధానము. ఒక్క మీటుతో తంత్రిని ప్రక్కకు లాగి, అనేక స్వరములను గొంతువలె పలికింతురు. ఆంధ్రదేశమున విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము సంస్థానముల ఆశ్రయమున వైణికపరంపరలు వర్ధిల్లినవి. పిఠాపురమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రి పేరు నేటికిని గౌరవముతో స్మరింపబడుచున్నది. విజయనగరమున 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు హరికథకు ప్రసిద్ధులైనను వీణయందును ప్రవీణులే. తరువాతి తరమున ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యులు చిట్టిబాబు (1936–1996) వీణ పలుకుబడిని విస్తరింపజేసిరి. చిట్టిబాబు వీణపై కోకిలకూతను పలికించుట ఆబాలగోపాలమునకు తెలిసినదే. ఆయన పుట్టినది కాకినాడలో, పేరు తెచ్చుకొన్నది మదరాసులో. ఆయనను ఏ పటములో ఏ రంగు క్రింద చేర్చుదుము?

తమిళదేశపు వైణికులందరు ఒకే తీరువారా అన్నచో, అదియు కాదు. వీణ ధనమ్మాళ్ (1867–1938) నఖి ధరింపక వ్రేలిగోటితోనే సున్నితముగా మీటెడివారు. వారి కుటుంబము క్షేత్రయ్య పదములకు నిధి. మొవ్వ గ్రామమువాడైన క్షేత్రయ్య తెలుగుపదములు తెలుగునాట మరుగుపడుచున్న కాలమున వాటిని స్వరముతో, భావముతో కాపాడిన ఇళ్ళలో మదరాసులోని ఆ ఇల్లు ముఖ్యమైనది. కారైకుడి సోదరులలో పెద్దవారైన సుబ్బరామయ్యరు వీణను నిలువుగా పట్టి వాయించెడివారు. తమ్ముడైన సాంబశివయ్యరు అడ్డముగానే పట్టెను. ఒక్క ఇంట రెండు తీరులు. ఇక ఊరిపేరుతో చేతిని నిర్ణయించుట ఎట్లు పొసగును?

‘వారిది, మనది’ అను మాటకు ఇప్పుడు వత్తుము. నేటి వీణ, అనగా 24 స్థిరమైన మెట్లు గల వీణ, ఎక్కడ రూపు దాల్చినది? 1550లో రామామాత్యుడు విజయనగర సామ్రాజ్యమున అళియ రామరాయల ఆశ్రయములో ‘స్వరమేళకళానిధి’ని రచించి వీణమెట్ల అమరికను చర్చించెను. ఆనాడు రాగమును బట్టి మెట్లు జరుపుకొను వీణలును ఉండెడివి. తంజావూరు నేలిన రఘునాథ నాయకుని (1600–1634) కాలమున, అన్ని రాగములకు సరిపోవు స్థిరమేళము గల వీణ ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. ఆయన పేరనున్న ‘సంగీతసుధ’ను ఆయన మంత్రియైన గోవింద దీక్షితుల కృతిగాను చెప్పుదురు. దీక్షితుల కుమారుడు వేంకటమఖి, విజయరాఘవ నాయకుని కాలమున ‘చతుర్దండీప్రకాశిక’ యందు శుద్ధమేళ, మధ్యమేళ, రఘునాథేంద్రమేళ వీణలను వివరించెను. 72 మేళకర్తల లెక్క ఆయనదే. స్వరములను గణితముగా చూచు ఆ దృష్టికిని వీణమెట్లకును గల సంబంధము స్పష్టము.

రఘునాథ నాయకుడు తెలుగు కవి. ‘వాల్మీకి చరిత్రము’ ఆయన కృతి. గోవింద దీక్షితులు కన్నడ కుటుంబమువాడు. వీణ చెక్కినవారు తంజావూరు పనివారు. వారి నాలుకపై తమిళము ఉండియుండును. ధర్మపురి సంతలో వినబడు మూడు భాషలే తంజావూరు కోటలో వీణను తీర్చినవి. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులలో శహాజీ (1684–1712) తానే తెలుగు యక్షగానములు వ్రాసెను. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారున కావేరి గట్టుననే తన కృతులను తెలుగులో రచించెను. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) స్వయముగా వైణికులు. కనుక తంజావూరు వీణ ‘వారిది’ అన్నవారు తమ తాతల ఆస్తిని తామే వదలుకొనుచున్నారు. ‘మాదే’ అన్నవారు పొరుగువాని చెమటను తమ పేర వ్రాసికొనుచున్నారు. రెండును సరికావు.

ఇంతవరకు కొయ్యను, చేతిని, చరిత్రను చూచితిమి. మనకు నిజముగా సంబంధించిన విషయము ఇక మిగిలినది. కర్ణాటక సంగీతమున వీణ మాటలు లేని వాద్యమనుట పైచూపు. కృతి వాయించునప్పుడు వైణికుని కుడిచేయి సాహిత్యాక్షరములను అనుసరించి మీటును. అక్షరము పడినచోట మీటు పడును, దీర్ఘము సాగినచోట మీటక తంత్రి నాదమునే సాగనిత్తురు. పాట తెలిసిన శ్రోతకు మీటులోనే మాట వినబడును. తెలుగుకృతిని వాయించు చేయి తెలుగు తెలిసిన చేయి అయినచో, పదము మొదలు ఎక్కడ, తుది ఎక్కడ అని తానే గ్రహించును. ‘మరువకుమా’ అను మాటను ‘మరు’ అని నిలిపి ‘వకుమా’ అని ఎత్తుకొనదు. తెలియని చేయి స్వరము తప్పదు, తాళము తప్పదు, మాటను మాత్రము నరుకును. ఆ నరకుడు ఏకాండి వీణలోను వినబడును, అతుకువీణలోను వినబడును.

మన పిల్లల స్థితి ఏమి? ఇంట తెలుగు మాటాడుదురు. బడిలో తమిళము, ఆంగ్లము చదువుదురు. పాఠమునకు పోయి తెలుగుకృతిని తమిళలిపిలో గాని ఆంగ్లలిపిలో గాని వ్రాసికొందురు. తమిళలిపి తమిళమునకు సంపూర్ణమైనది. కాని మన క, ఖ, గ, ఘ లకు అందులో ఒకటే అక్షరము, త, థ, ద, ధ లకు ఒకటే అక్షరము. ‘కథ’ అనినను ‘గద’ అనినను వ్రాతలో ఒకే రూపము. దీనిని గుర్తించి తమిళ సంగీతగ్రంథముల ప్రచురణకర్తలు అక్షరముల ప్రక్కన 2, 3, 4 అను చిన్న అంకెలను అచ్చువేసి, ఏది గకారమో ఏది ఘకారమో తెలుపుదురు. యోచింపుడు: తమది కాని భాషలోని ఉచ్చారణ చెడరాదని తమ లిపికి అంకెలు తగిలించుకొన్నవారు తమిళులు. ఆ భాషయే తమదైన మనము, 56 అక్షరములు నేర్పుటకు తీరిక లేదనుచున్నాము. ‘బొబ్బిలి వీణ మనది’ అను మాట అట్టి ఇంట ఎంత బరువు మోయగలదు?

ఈ దృష్టితో చూచినచో వీణను ఎన్నుకొనుట సులభమగును. ధర్మపురి ఎండకు మైనము మెత్తబడి మెట్లు జరుగుట సహజము. కొన్ని ఏండ్లకొకసారి మైనము తీసి, మెట్లను మరల శ్రుతికి అమర్పవలసియుండును. అది తెలిసిన పనివాడు దగ్గరలో నుండుట మేలు. ఆ లెక్కన అభ్యాసమునకు తంజావూరు అతుకువీణ మన సీమకు అనుకూలము. విద్య స్థిరపడి, చేయి తన కోరికను తాను చెప్పగలిగినప్పుడు, బొబ్బిలి ఏకాండినో తంజావూరు ఏకాండినో చెవితో పరీక్షించి కొనవచ్చును. కొనునప్పుడు పూవులను చూడవలదు. సారణిని మీటి నాదము ఎంతసేపు నిలుచునో వినవలెను. ప్రతి మెట్టుపైని స్వరము సమముగా పలుకునో లేదో చూడవలెను. బిరడలు జారక నిలుచునో లేదో త్రిప్పి చూడవలెను. గొల్లపల్లి పనివానికి సహాయము చేయదలచినవారు బొమ్మవీణ కొనుటకు బదులు, ఊరి పిల్లలందరు అభ్యసించుటకు సంఘము తరఫున ఒక్క పలుకు వీణను తెప్పించినచో ఆ పనికిని ఈ విద్యకును ఒకేసారి మేలు జరుగును.

రెండు వీణలలో ఏది మేలని మమ్ము అడుగువారికి మా తీర్పు ఇది. చెక్కడపు నిగ్రహమున బొబ్బిలి మేలు. వైవిధ్యమున, అందుబాటున, మరమ్మతు సౌకర్యమున తంజావూరు మేలు. నాదమున ఊరుకు ఊరుతో పోటీ లేదు, పనివానికి పనివానితోనే పోటీ. పుట్టుకను బట్టి చూచినచో రెండింటిలోను మనకు భాగము కలదు, రెండింటిలోను ఇతరులకును భాగము కలదు. తెలుగువీణ అను పేరునకు అర్హమైనది ఏదని ఇంకను అడిగినచో, ఏ ఊరి పనస అయినను సరే, ఏ వీణమీద తెలుగుమాట నరకబడక మీటులో పలుకునో అదే తెలుగువీణ. ఆ మీటు పనసమ్రానులో దొరకదు. ఇంట, సాయంకాలపు దీపము వెలిగించినపిమ్మట, పలకమీద అక్షరములు దిద్దించు తల్లిదండ్రుల ఓర్పులో దొరకును. ఆ ఓర్పును చూపు కుటుంబములు ఈ సీమలో పెరిగినచో, కావేరి ఎగువనున్న మనము దిగువకు నీటిని మాత్రమే కాక నాదమును గూడ పంపగలము.